పిల్లలకు రాజకీయ విలువలు నేర్పడం: మన ఇళ్ళలో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

నేను విజయవాడలో హైస్కూల్ పిల్లలకు సోషల్ చెప్తాను. ఎన్నికల ఏడాది వచ్చిందంటే పేరెంట్స్ మీటింగులో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "మేడమ్, మావాడికి ఈ రాజకీయాలు ఎక్కించకండి, మార్కులు చూడండి చాలు" అని కొందరు. "మా ఇంట్లో తాతగారి కాలం నుంచీ ఒకటే పార్టీ, మా పాప కూడా అంతే" అని ఇంకొందరు గర్వంగా. ఈ రెండో రకంలో నిజంగా మంచి విలువలున్న మనుషులు చాలామంది ఉన్నారు, ఆ విలువలు పిల్లలకు అందాలని వాళ్ళు కోరుకోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే అవి ఎలా అందుతాయన్న విషయంలో చాలా అపోహలున్నాయి. క్లాసులో నాకు రోజూ కనిపించేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: పిల్లలకు రాజకీయాలెందుకు, ముందు చదువుకోనివ్వండి

వాస్తవం: మనం చెప్పకపోయినా వాళ్ళు నేర్చుకుంటూనే ఉంటారు. అరవై ఏళ్ళ వాచ్‌మన్‌ని "ఒరేయ్" అని పిలిచే ఇంట్లో, పనిమనిషికి టీ గ్లాసు విడిగా పెట్టే ఇంట్లో, సమానత్వం గురించిన పాఠం నా దగ్గరికి రాకముందే అయిపోతుంది. ఆ తర్వాత నేను బోర్డు మీద రాజ్యాంగంలో సమానత్వం గురించి చెప్పే 14వ అధికరణం, అంటరానితనాన్ని నిషేధించే 17వ అధికరణం ఎంత అందంగా రాసినా పిల్లాడికి అవి రెండు మార్కుల ప్రశ్నలే. కరెంటు బిల్లు, బస్సు చార్జీ, ఊళ్ళో తాతగారి పొలానికి కాలువ నీళ్ళు ఎప్పుడు వదులుతారన్నది, ఇవన్నీ రాజకీయాలే కదా. మన ప్రాంతం పిల్లల సంగతి ఇంకా వేరు. 2015లో రాజధానికి భూములిచ్చిన కుటుంబాల పిల్లలు, 2019 డిసెంబర్లో మూడు రాజధానుల మాట వచ్చాక అమ్మలూ నాయనమ్మలూ శిబిరాల్లో కూర్చోవడం కళ్ళారా చూస్తూ పెరిగారు. అలాంటి పిల్లల్ని పట్టుకుని నీకెందుకులే అనడం వాళ్ళ జీవితం గురించి వాళ్ళనే మాట్లాడొద్దనడం.

అపోహ: పార్టీ చెప్తే విలువ చెప్పినట్టే

వాస్తవం: ఈ ఒక్క అపోహ పోతే మిగతావి చాలావరకు సర్దుకుంటాయని నా నమ్మకం, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

2024 సెప్టెంబర్ మొదటి వారం మనకందరికీ గుర్తుంది. బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడింది, మేడ మీద వాళ్ళు పాల ప్యాకెట్ల కోసం పడవల వైపు చేతులూపుతున్నారు. స్కూళ్ళు తెరిచాక పిల్లలు క్లాసులోకి ఏం తెచ్చారో తెలుసా? ఇంట్లో విన్న తీర్పులు. "పాత ప్రభుత్వం వల్లే టీచర్" అని ఒక బెంచీ, "కొత్త ప్రభుత్వం వల్లే" అని పక్క బెంచీ. బుడమేరు ఎక్కడ పుడుతుందిరా అంటే రెండు బెంచీలూ మౌనం. ఇల్లు మునిగిన పిల్లలకు కూడా అది మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటిలో కలుస్తుందని తెలియదు. వరద నీటిని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్ళించి, డైవర్షన్ కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారని తెలియదు. కృష్ణలోనే 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ఉంటే ఈ నీళ్ళు అందులోకి ఎలా పోతాయి, ఆ కాలువకు మూడు చోట్ల గండ్లు ఎందుకు పడ్డాయి, ఊళ్ళోని పాత బుడమేరు దారిలో ఇళ్ళు ఎలా లేచాయి, ఎవరు అనుమతిచ్చారు, ఎవరు కొన్నారు అని ఒక్కో ప్రశ్నా బోర్డు మీద రాస్తూ పోయాం. అలా రాస్తున్నకొద్దీ క్లాసులో గొంతులు తగ్గాయి, ప్రశ్నలు పెరిగాయి. ఒక ప్రశ్నకు జవాబు ఒక ప్రభుత్వం దగ్గర ఆగుతుంది, ఇంకో ప్రశ్న వెనక్కి వెనక్కి పోయి అన్ని ప్రభుత్వాలనూ తాకుతుంది, మరో ప్రశ్న చౌకగా వచ్చిందని అక్కడ స్థలం కొన్న మన బంధువుల దాకా వస్తుంది.

ఇందులో విలువ ఏమిటి? ముందు జాగ్రత్త తీసుకోవాల్సినవాళ్ళు జవాబు చెప్పాలి, పేదవాడి ఇల్లు ముందు మునగకూడదు, సాయం అందరికీ అందాలి. వీటిని ఏ పార్టీ ఇంట్లోనైనా పిల్లలకు చెప్పొచ్చు. ఈ ఎన్నికల్లో ఆ విలువకు ఎవరు దగ్గరగా ఉన్నారన్నది తర్వాత వేసుకునే లెక్క, అది ఎన్నికకూ ఎన్నికకూ మారొచ్చు. మనం విలువను వదిలేసి లెక్కను మాత్రమే పిల్లలకు ఇస్తున్నాం. పార్టీ మాట మార్చిన రోజున ఆ పిల్లాడి దగ్గర చేతిలో కండువా తప్ప ఏమీ మిగలదు.

మన దగ్గర దాటేయకూడని విషయం ఇంకోటుంది. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో చాలా ఇళ్ళలో పార్టీ అంటే కులమే. "మనోళ్ళు" అన్న ఒక్క మాటతో చర్చ ముగుస్తుంది. ఆరో తరగతి పిల్లాడు ఇంటిపేరు అడిగి స్నేహం చేస్తున్నాడంటే అది వాడి తెలివి కాదు, డైనింగ్ టేబుల్ దగ్గర పెద్దవాళ్ళు చేసిన పని. దీనికి నేను క్లాసులోనూ, అడిగిన పేరెంట్స్‌కూ చెప్పే పద్ధతి ఒకటే: పేర్లు మార్చి అడగండి. "ఇదే పని మనోళ్ళు చేసుంటే ఏమనేవాళ్ళం?" పిల్లలు ఈ ప్రశ్నను వెంటనే పట్టుకుంటారు, తిరిగి మనల్నే అడుగుతారు కూడా. అడిగినప్పుడు కసురుకోకుండా జవాబు చెప్పగలిగితే వంద ఉపన్యాసాలు ఇవ్వలేనిది ఆ ఒక్క జవాబు ఇస్తుంది.

అపోహ: ఎంత గట్టిగా నూరిపోస్తే అంత గట్టిగా నిలబడుతుంది

వాస్తవం: తల్లిదండ్రుల ప్రభావం చిన్నదేమీ కాదు. అమెరికాలో 1965లో కెంట్ జెన్నింగ్స్, రిచర్డ్ నీమీ అనే పరిశోధకులు హైస్కూల్ ఆఖరి ఏడాది పిల్లల్నీ వాళ్ళ తల్లిదండ్రుల్నీ విడివిడిగా ప్రశ్నించారు, తర్వాత దశాబ్దాల పాటు వాళ్ళను మళ్ళీ మళ్ళీ పలకరించారు. పార్టీ అభిమానం ఇంటి నుంచి బాగానే అందుతుందని, మిగతా చాలా అభిప్రాయాలు అంత తేలిగ్గా అందవని అందులో తేలింది. అయితే ఎలియాస్ దినాస్ అనే రాజనీతి శాస్త్రవేత్త 2014లో ప్రచురించిన పరిశోధన నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. రాజకీయాలు బాగా మాట్లాడుకునే ఇళ్ళలో పిల్లలు మొదట్లో తల్లిదండ్రుల పార్టీనే పట్టుకుంటారట. ఇల్లు వదిలి బయటి ప్రపంచంలో పడ్డాక దాన్ని వదిలేసే అవకాశం కూడా వాళ్ళకే ఎక్కువట. రాజకీయాలంటే ఆసక్తి ఉన్నవాళ్ళు కాబట్టి కొత్త చోట కొత్త వాదనలు వింటారు, పాల్గొంటారు, మారతారు. 2015లో క్రిస్టఫర్ ఒహేదా, పీటర్ హతేమి చేసిన ఇంకో అధ్యయనంలో, అమెరికా పిల్లల్లో సగానికి పైగా తల్లిదండ్రుల పార్టీ ఏదో పొరపాటుగా అర్థం చేసుకోవడమో, తెలిసీ కాదనడమో జరుగుతోందని తేలింది. అవి అమెరికా లెక్కలు, అక్కడి రెండు పార్టీల వ్యవస్థ వేరు, మన పొత్తులూ కులాలూ వేరు, వాటిని యథాతథంగా మన మీద రుద్దలేం.

కానీ ఆ తీరు నాకు ఇక్కడ కొత్తగా ఏమీ అనిపించదు. మన పిల్లలు ఇంటర్‌కే హాస్టల్‌కి పోతున్నారు, ఆ తర్వాత హైదరాబాద్, బెంగళూరు. అక్కడ రూమ్మేట్ శ్రీకాకుళం వాడో, నిజామాబాద్ వాడో. 2014 విభజన గురించి మన ఇంట్లో ఎప్పుడూ వినని మాట వాడి నోట వింటారు. కారణాలు తెలియకుండా నినాదం మాత్రమే నేర్చుకున్న పిల్లకు అక్కడ రెండే దారులు, అరవడమో లేదా సిగ్గుపడి మొత్తం వదిలేయడమో. కారణాలు తెలిసిన పిల్ల కూర్చుని మాట్లాడగలదు. కొన్ని మార్చుకుంటుంది, కొన్ని ఉంచుకుంటుంది, ఉంచుకున్నవి అప్పుడు నిజంగా ఆమెవి అవుతాయి.

అపోహ: స్వతంత్రంగా ఆలోచించాలంటే మన అభిప్రాయం చెప్పకూడదు

వాస్తవం: చెప్పండి, దాచొద్దు. దాచినా వార్తలు చూస్తూ మీరు చేసే శబ్దాల బట్టి వాళ్ళు పట్టేస్తారు. భారత్ 1992లో చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 14వ అధికరణం పిల్లలకు ఆలోచనా స్వేచ్ఛ ఉందని చెప్తూనే, వాళ్ళ ఎదుగుదలకు తగ్గట్టు దారి చూపే హక్కూ బాధ్యతా తల్లిదండ్రులకు ఉన్నాయంటుంది. రెండూ ఒకే చోట ఉన్నాయి చూడండి. మన రాజ్యాంగంలోనూ 1976లో 42వ సవరణ చేర్చిన ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృక్పథం, మానవతావాదం, ప్రశ్నించే తత్వం పక్కపక్కనే ఉన్నాయి.

చెప్పే తీరు ముఖ్యం. "నాకు ఫలానా విషయం ఇలా అనిపిస్తోంది, ఎందుకంటే ఇది. మీ బాబాయ్ ఒప్పుకోడు, ఆయన కారణం ఇది." ఆ రెండో వాక్యం కలపండి. బాబాయ్ కారణాన్ని బాబాయ్ విన్నా అవునని తలూపేలా చెప్పాలి, ఎగతాళిగా కాదు. పండక్కి ఇంటికొచ్చిన అన్నదమ్ములు రాజకీయాల మీద వాదించుకుని కూడా ఒకే బంతిలో కూర్చుని భోంచేశారనుకోండి, పిల్లలకు అంతకన్నా మంచి ప్రజాస్వామ్య పాఠం నేను చెప్పలేను.

అపోహ: పిల్లాడు వేరే దారి పట్టాడంటే మన పెంపకం ఓడిపోయింది

వాస్తవం: మన ఊళ్ళోనే చూడండి. పటమటలో నాస్తిక కేంద్రం నడిపిన గోరా గారు సంప్రదాయ కుటుంబంలో పుట్టి, ఇంటి నమ్మకాలు వదిలేసి, నాస్తికత్వం వల్ల కాలేజీ ఉద్యోగాలు కూడా పోగొట్టుకున్నారు. ఆయన పిల్లలేమో తండ్రి దారినే పట్టారు. అదీ నకలు కొట్టినట్టు కాదు, ఎవరి పని వాళ్ళు వెతుక్కున్నారు. పెద్దబ్బాయి లవణం గారు, ఆయన భార్య హేమలత గారు స్టువర్టుపురంలో, నేరస్తులన్న ముద్రతో బతుకుతున్న కుటుంబాల మధ్య పనిచేశారు. హేమలత గారు ఎవరో కాదు, అప్పటి గుంటూరు జిల్లా వినుకొండ కవి గుర్రం జాషువా గారి కూతురు. తండ్రి పద్యంతో అంటరానితనం మీద పోరాడితే, కూతురు నిజామాబాద్ వైపు వెళ్ళి, ఆడపిల్లల్ని దేవుడి పేరిట అంకితం చేసే జోగిని ఆచారం మీద పోరాడారు. పద్యం రాలేదు కదా అని ఆ పెంపకాన్ని ఎవరైనా ఓడిపోయిందనగలరా? విలువ అందింది, దాని రూపం ఆమె ఎంచుకున్నది.

కాబట్టి మీ అబ్బాయి మీకు నచ్చని పార్టీని మెచ్చుకుంటే వెంటనే బీపీ పెంచుకోకండి. ఎందుకు నచ్చిందని అడిగి, పూర్తయ్యేదాకా వినండి. "అందరికీ స్కూల్ ఫీజు సాయం అందాలి" అన్నది కారణమైతే అది మీ ఇంట్లో నేర్చుకున్నదే. కారణం ద్వేషమైతే, ఎవరినో మనుషులుగా చూడకపోవడమైతే, అప్పుడు గట్టిగా మాట్లాడండి. అక్కడ నేను తటస్థంగా ఉండను, మీరూ ఉండక్కర్లేదు.

అపోహ: ర్యాలీకి తీసుకెళ్తే చైతన్యం వస్తుంది

వాస్తవం: మెడలో కండువా వేసి, నినాదం నేర్పి, వీడియో తీసి స్టేటస్ పెట్టడం పిల్లల చైతన్యం కాదు. 2024 ఫిబ్రవరిలో ఎన్నికల సంఘం పార్టీలకు స్పష్టంగా చెప్పింది, ప్రచారంలో పిల్లల్ని ఏ రూపంలోనూ వాడొద్దని. నినాదాలిప్పించడం, కరపత్రాలు పంచించడం, పాటలు పాడించడం అన్నీ అందులోకి వస్తాయి. చూడాలనుకుంటే మున్సిపల్ కౌన్సిల్ సమావేశం గురించి పేపర్లో వచ్చింది కలిసి చదవండి, వార్డు సచివాలయానికి డ్రైనేజీ అర్జీ ఇవ్వడానికి వెళ్తూ పిల్లను వెంట తీసుకెళ్ళండి, ఆ అర్జీ తనచేతే రాయించండి. జవాబు రాకపోతే మళ్ళీ రాయించండి.

అపోహ: ఫోన్లో అన్నీ చూస్తున్నారు, వాళ్ళకు తెలుసు

వాస్తవం: తెలిసేది ఒక వైపే. ఒక రీల్ పూర్తిగా చూస్తే అలాంటివే ఇంకొన్ని వస్తాయి. ఫ్యామిలీ గ్రూపులో మనం ఫార్వర్డ్ చేసే ముందు ఎవరు చెప్పారు, ఎప్పటి వీడియో అని పిల్లల ముందే బయటికి అడగడం మొదలుపెడితే అదే పెద్ద శిక్షణ.

అపోహ: ఇంట్లో అందరి ఓటూ ఒకటే

వాస్తవం: ఓటు రహస్యమన్నది ఇంట్లోవాళ్ళకూ వర్తిస్తుంది. 1989లో అమల్లోకి వచ్చిన 61వ సవరణ ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించింది, అంటే డిగ్రీలో చేరిన పిల్ల నిర్ణయం మీద ఈ దేశం నమ్మకం పెట్టుకుంది. ఇప్పుడు 17 నిండితే ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1, ఈ నాలుగు తేదీల్లో ఏ తేదీకి 18 నిండితే ఆ తేదీ లెక్కన జాబితాలో పేరు చేరుతుంది. కొత్త ఓటరుగా నమోదుకు పెట్టే ఫారం 6 తనే నింపనివ్వండి. పోలింగ్ రోజు కలిసి వెళ్ళండి, లైన్లో ముందు తనని నిలబెట్టండి. బయటికొచ్చాక ఎవరికి వేశావని మాత్రం అడగొద్దు. తనంతట తను చెప్తే వినండి, చెప్పకపోతే టిఫిన్ ఎక్కడ చేద్దామో మాట్లాడుకుంటూ ఇంటికి రండి.