గుడ్డకు అంటే రంగు: పాత కార్ల ఒంటి పూత వెనుక చరిత్ర

దసరాకు ముందు వారం నల్లగొండలోనైనా పాలమూరులోనైనా వాటర్ సర్వీసింగ్ షాపుల ముందు ఆగిన బండ్లలో ఒకటో రెండో పాత అంబాసిడర్లు, ఫియట్లు, తొలినాటి మారుతి 800లు తప్పక కనిపిస్తాయి. బానెట్ మీద రబ్బింగ్ కాంపౌండ్ అనే గరుకు పేస్టు పూసి మెషిన్ తిప్పగానే ప్యాడ్ ఎర్రగానో నీలంగానో మారుతుంది. రంగు ఊడిపోతోందని యజమాని కంగారుపడతాడు. అది మురికేనని పనివాడు సర్దిచెబుతాడు. ఇద్దరి మాటా సగమే నిజం.

ఇప్పటి కార్లలో రంగు ఒక పొర, దాని మీద రంగులేని క్లియర్ కోట్ మరో పొర. ఎంత రుద్దినా మొదట అరిగేది ఆ పారదర్శకమైన పొరే కనుక గుడ్డకు రంగు అంటదు. పాత కార్లలో రంగుపొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు పదార్థం ఒకే పూతలో కలిసి ఉంటాయి, ఆ పూతే నేరుగా ఎండకు గురవుతుంది. పెయింటర్లు సింగిల్ స్టేజ్, అంటే ఒంటి పూత, అనేది దీన్నే. దాన్ని రుద్దితే గుడ్డకు రంగు అంటడం సహజమే కానీ, అంటిన ప్రతిసారీ కొంత పూత శాశ్వతంగా తగ్గిపోయినట్టే.

ఈ పూతకు నూరేళ్ల చరిత్ర ఉంది. 1920ల తొలినాళ్ల దాకా కార్లకు గుర్రపు బగ్గీల మాదిరిగా కుంచెతో వార్నిష్ వేసేవారు, ఒక్క బండి ఆరి బయటికి రావడానికి వారాలు పట్టేది. 1923లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ డ్యూకో పేరిట నైట్రోసెల్యులోజ్ లక్కర్‌ను తెచ్చింది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు దాన్ని వాడడంతో వారాల పని గంటల్లోకి దిగింది. ఆ సరుకు పేరే మన దగ్గర స్ప్రే పెయింటింగ్‌కు మారుపేరైపోయి, బీరువాకూ తలుపులకూ కూడా డ్యూకో వేయించామని చెప్పుకునే దాకా వచ్చింది. ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పెయింట్ అని వర్క్‌షాపుల్లో అనేది ఈ లక్కర్ జాతినే. ఇది కేవలం థిన్నర్ ఆవిరైపోవడం వల్ల ఆరుతుంది; అందువల్ల ఎన్నేళ్ల తరువాతనైనా థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది. రోడ్డు తారు చుక్క పోగొట్టబోయి థిన్నర్ గుడ్డతో తుడిచి, చుక్కతో పాటు చేతి వెడల్పున రంగునూ తుడిచేసుకున్నవారు ఉన్నారు.

తరువాత వచ్చిన ఎనామిల్ పూతలు వేరు. అవి గాలిలోని ఆక్సిజన్‌తోనో, కంపెనీ ఓవెన్ వేడితోనో లోపలే గట్టిపడతాయి కనుక థిన్నర్‌కు అంత సులభంగా లొంగవు. కంపెనీలో ఓవెన్‌లో కాల్చిన పూతతో వచ్చిన బండి ఎక్కడో గుద్దుకుంటే, ఓవెన్ లేని మన టింకరింగ్ షెడ్డులో లప్పం పెట్టి, త్వరగా ఆరుతుందని ఎన్.సి. కొట్టి పంపేవారు. ఆ విధంగా పాత బండికి బానెట్ ఒక జాతి పూతతో, డోరు మరో జాతి పూతతో ఉండడం మామూలైంది. బానెట్‌కు పనిచేసిన పద్ధతే డోరుకూ పనిచేస్తుందని అనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది.

1970ల చివర మొదలై 1980లలో క్లియర్ కోట్ పద్ధతి ప్రపంచమంతా పాకింది. మెటాలిక్ రంగులకు దాని అవసరం మరీ ఎక్కువ, ఎందుకంటే వాటిలోని అల్యూమినియం రేకులు నేరుగా గాలికి, పాలిష్‌కు దొరికితే నల్లబడతాయి. ఉత్తర్‌పాడాలో 1950ల నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్, 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తెలుపు, ఎరుపు వంటి సాదా రంగుల్లోనే ఎక్కువగా అమ్ముడుపోయినందున ఒంటి పూత మన రోడ్ల మీద చాలాకాలం నిలిచింది.

ఎండలోని అతినీల కిరణాలు పూతలోని జిగురును విరగ్గొడతాయి. తెలుపులో ఉండే టైటానియం డయాక్సైడ్ రంగుపొడి అలా విరగడాన్ని కొంత వేగిరం కూడా చేస్తుంది. జిగురు పోయాక మిగిలేది పట్టు లేని పొడి. బానెట్ మీద వేలు పెడితే బడిలో బోర్డు తుడిచిన చేతికిలా సుద్ద అంటడానికి కారణమిదే. అయితే పాలమూరు ఎండనొక్కదాన్నే నిందించడం నాకు సరికాదనిపిస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల చుట్టూ ఎగిరే ఊక బూడిదలో అధికభాగం సిలికానే; అది గరుకు కాగితంతో సమానం. పొద్దున్నే డ్రైవరు పొడి గుడ్డతో బండి దులపడం మనకు శుభ్రతగా కనిపిస్తుంది కానీ, పూతకు అది రోజువారీ రాపిడి. మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు దుమ్ము మరో రకం: మంచు తడికి అది క్షారమై పట్టు పడుతుంది. కాబట్టి రెండు చోట్లా ముందు ధారగా నీళ్లు పోసి, ఆ తరువాతే గుడ్డ పెట్టాలి.

ఆ నీళ్లూ ఒక సమస్యే. నల్లగొండ బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే పడింది. పూతకు మాత్రం చేటు చేసేది ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఎండలో కడిగి వదిలేస్తే నీటి చుక్క అంచున తెల్లని వలయం మిగులుతుంది, సుద్దబారిన పూతలో అది ఇంకా లోతుగా ఇంకుతుంది. నీడలో కడిగి వెంటనే మెత్తని గుడ్డతో నీటిని అద్దాలి.

ఒకప్పుడు ట్యాక్సీవాళ్లు కంట్రోలు దుకాణం కిరోసిన్‌లో బనియన్ గుడ్డ ముంచి తుడిచేవారు. నూనె తడికి సుద్దపొడి పారదర్శకమై రంగు ముదురుగా కనిపించేది. సాయంత్రానికి దుమ్మంతా దానికే అంటుకునేది. సూత్రం తప్పు కాదు, సరుకే తప్పు. నూనె ఎక్కువగా ఉన్న, గరుకు లేని పాలిష్‌ను చేత్తో మందంగా పట్టించి కొన్ని గంటలు వదిలి తుడిస్తే అదే ఫలితం కిరోసిన్ జిడ్డు లేకుండా వస్తుంది. ఆ నూనె విరిగిన జిగురును తిరిగి అతికించదు. రంగుకు లోతు తెస్తుంది, తరువాతి రుద్దుడులో రాపిడిని తగ్గిస్తుంది. ఆ పైన సన్నని పాలిష్‌తో ఒకసారి, మైనంతో ఒకసారి తుడిస్తే చాలు. తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం సుమారు 82 డిగ్రీల దాకా కరగదు, తేనెమైనం 62 దగ్గరే కరుగుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన బండి రేకు వేడికి ఈ తేడా పనికొస్తుంది.

కాంపౌండ్ పట్టే ముందు బండిది ఏ పూతో, గుడ్డకు రంగు అంటుతుందో లేదో కనిపించని మూల రుద్ది చూసుకోవాలి. తెల్లని బండిని తెల్లగుడ్డతో పరీక్షిస్తే ఏమీ తెలియదు, నల్లగుడ్డ కావాలి. రంగు మీద గట్టి రక్షణ పొరగా సిరామిక్ కోటింగ్ వేసేవారు పూతలోని నూనెనంతా ద్రావకంతో తుడిచి మొదలుపెడతారు. థిన్నర్‌కే కరిగే ఎన్.సి. పూత మీద ఆ ద్రావకమేదో అడగకుండా ఒప్పుకోవడం నాకు తొందరపాటుగానే తోస్తుంది.

నేను చూసిన ఒక తెల్ల అంబాసిడర్ మడ్‌గార్డు గట్టు వెంబడి వేలెడు వెడల్పున రంగు కింది రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ బయటపడి ఉంది. ఎండ పడే టాపు మీద మాత్రం రంగు నిలిచే ఉంది. ఏటా దసరాకు మెషిన్ మొదట తగిలేది ఎత్తుగా ఉన్న అంచులకే మరి. అదే బానెట్ నడుమ లేత గులాబీ మచ్చలు మూడు: పూజనాడు పెట్టిన కుంకుమ, సుద్దబారిన పూతలోకి ఇంకింది. వాటిని తీయడానికి మళ్లీ కాంపౌండ్ వేయించాలని యజమాని అంటే, పెయింటర్ వద్దన్నాడు. ఆ మరుసటి ఏడు యజమాని బొట్లు ముందు అద్దానికి పెట్టారు.