సైకిల్, కెమెరా, కాస్త తీరిక: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో కెమెరా వేసుకుని సైకిల్ మీద తిరిగేవాడికి సలహాలకేం కొదవ లేదు. వాటిలో తరచూ వినేవి ఇవీ.

అపోహ: ఇలాంటి షికారుకు సముద్రతీరం ఉండాలి.

బాపట్ల దగ్గర సూర్యలంక బాగుంటుంది, కాదనను. పోటు తగ్గి నీళ్లు వెనక్కి పోయాక తడి ఇసుక గట్టిగా ఉండి టైరును మోస్తుంది. అలాగని ఆ ప్రయాణం కుదిరేదాకా కెమెరాను బీరువాలో పెట్టుకుంటామా? నల్లగొండ పక్కనే పానగల్లులో ఉదయ సముద్రం ఉంది. కుందూరు చోళుల నాటి చెరువు, ఇప్పుడు కృష్ణా నీళ్లు చేరే రిజర్వాయరు. దగ్గర్లోనే ఛాయా సోమేశ్వరాలయం. అక్కడ ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా స్తంభం నీడ నిలిచి ఉంటుంది. బయటి వెలుతురు స్తంభాల మధ్య నుంచి లోపల పడితే ఏర్పడే నీడ అది. చాలామంది దానికి ఫ్లాష్ కొడతారు, నీడ కాస్తా మాయం! పూజారి గారిని అడిగి, ఫ్లాష్ ఆపేసి, మోచేతులు పక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కండి.

అపోహ: కెమెరాను పెట్టెలో పెట్టి క్యారియర్‌కు కడితే భద్రం.

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. కంకర దారిలో వెనక చక్రానికి తగిలే ప్రతి దెబ్బా నేరుగా పెట్టెకు చేరుతుంది. పోను పోను లెన్సులో స్క్రూలు వదులవుతాయి. అదే ఒంటి మీద ఉంటే మన మోకాళ్లు, నడుమే ఆ కుదుపును చాలావరకు మింగేస్తాయి. మెడలో వేలాడదీస్తే మాత్రం హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది. బెల్టు భుజం మీదుగా అడ్డంగా వేసి, కెమెరాను వీపు వైపు తోసి, ఊగకుండా నడుముకు ఇంకో పట్టీ బిగించండి. కొంగ కనబడిందా, సైకిల్ ఆపి కాలు కింద పెట్టండి, పట్టీ వదిలి కెమెరా ముందుకు లాగండి. ఒంటిచేత్తో తొక్కుతూ ఫొటో తీసేవాళ్లను చూస్తే నాకే టెన్షన్.

ఇక ఫోన్ సంగతి. శక్తిమంతమైన మోటార్ సైకిల్ ఇంజిన్ల వణుకు ఫోన్ కెమెరాను దెబ్బతీయవచ్చని 2021లో యాపిల్ హెచ్చరించింది. మన సైకిల్‌కు ఇంజిన్ లేదు, అంత భయం అక్కర్లేదు. అయినా గతుకుల్లో హ్యాండిల్ కన్నా జేబే మేలు.

అపోహ: ఆటో మోడ్ అన్నీ చూసుకుంటుంది.

నల్లటి బురదలో తెల్ల కొంగను తీసి చూడండి. ఫ్రేము నిండా బురదే కాబట్టి కెమెరా వెలుతురు పెంచేస్తుంది, కొంగ సున్నం మచ్చలా వస్తుంది. ఎక్స్‌పోజర్‌ను (కెమెరా తీసుకునే వెలుతురును) ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గిస్తే ఈకలు విడివిడిగా కనబడతాయి.

అపోహ: ఉప్పుగాలి లేదు, మన దగ్గర లెన్సుకు ఏమీ కాదు.

ఉప్పు లేకపోతే దుమ్ము లేదా? వరికోతల రోజుల్లో హార్వెస్టర్ పక్కన ఒక్క నిమిషం నిలబడితే తెలుస్తుంది. అక్కడ లెన్సు మార్చకండి. అద్దాన్ని ముందు బ్లోయర్‌తో ఊది, ఆ తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవండి. చొక్కా అంచుతో తుడిస్తే గీతలు పడతాయి. సముద్రం దగ్గరికి వెళ్లొస్తే పద్ధతి వేరు: ఇసుక ఊదేశాక, ఎండిన ఉప్పు కరిగేలా తడిగుడ్డతో మెల్లగా అద్ది, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. సైకిల్ చైన్‌ను మంచినీళ్లతో కడిగి, ఆరాక ఆయిల్ వేయాలి.

గేర్ల సైకిల్ ఉండాలంటారు. చెరువు కట్ట మీద గేర్లెందుకు? మామూలు సైకిల్ చాలు. మన దారుల్లో అసలు బెడద కంపముల్లు. గుచ్చుకున్నా గాలి దిగకపోతే అక్కడే పీకకండి, పంక్చర్ షాపు దాకా అలాగే తొక్కుకుంటూ వెళ్లి పీకించండి.