బెజవాడ నుంచి పార్లమెంటుకు: మహిళల పోటీపై అపోహలు - వాస్తవాలు

అపోహ: విజయవాడ నుంచి ఆడవాళ్లెవరూ లోక్‌సభకు వెళ్లలేదు.

వెళ్లారు, అదీ 1957లోనే. కొమర్రాజు లక్ష్మణరావు గారి కుమార్తె డాక్టర్ అచ్చమాంబ కాంగ్రెస్ తరఫున గెలిచారు. 1980లోనూ 1989లోనూ నాస్తికోద్యమ నేత గోరా గారి కుమార్తె చెన్నుపాటి విద్య గెలిచారు. 2024 దాకా జరిగిన 18 సాధారణ ఎన్నికల్లో మూడు గెలుపులంటే ఎక్కువేం కాదు. గుంటూరు సీటుకైతే ఆ మూడూ లేవు.

అపోహ: స్వాతంత్ర్యం వచ్చాకే ఆడవాళ్లకు ఓటు వచ్చింది.

కృష్ణా, గుంటూరు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1921లోనే వచ్చింది. ఆస్తి, పన్ను షరతుల వల్ల అది కొద్దిమందికే దక్కింది. అందరికీ ఓటు వచ్చాక మరో చిక్కు. 1951-52 జాబితాల్లో, ఎక్కువగా ఉత్తరాదిన, సుమారు 28 లక్షల మంది సొంత పేరు చెప్పక ‘ఫలానా వారి భార్య’ అని రాయించుకున్నారు. ఆ పేర్లన్నీ కొట్టేశారు.

అపోహ: 2023లో లోక్‌సభ, శాసనసభల్లో మూడో వంతు సీట్లు మహిళలకు ఇచ్చేశారు.

106వ రాజ్యాంగ సవరణ లోక్‌సభలో 454-2తో నెగ్గింది. కానీ జనగణన, ఆపై నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలని అందులోనే షరతు పెట్టారు. అందుకే 2024 ఎన్నికలకు వర్తించలేదు. రాజ్యసభ, శాసనమండలి అసలు దీని పరిధిలోకే రావు.

అపోహ: మహిళలకు డిపాజిట్ సగమే, కాగితాలు ఇంట్లో మగవాళ్లు చూసుకుంటారు.

లోక్‌సభకు డిపాజిట్ 25,000 రూపాయలు. సగం రాయితీ ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకే, ఆడైనా మగైనా. కాగితాల దగ్గరే ఎక్కువ తేడాలొస్తాయి. ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా కావాలి, నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందే తెరవాలి. మావారితో జాయింట్ ఖాతా ఉంది కదా అంటే కుదరదు. ఆయన మీ ఎన్నికల ఏజెంటైతేనే ఈ కొత్త ఖాతా ఆయనతో కలిపి తెరవొచ్చు.

ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే ఆ ఓటరు జాబితా సర్టిఫైడ్ కాపీ జతచేయాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లు జాబితాలో ఏ పేరుందో ముందే చూసుకోవాలి. ఫారం 26 అఫిడవిట్‌లో భర్త ఆస్తులు, అప్పులు కూడా రాయాలి. ఏ గడీ ఖాళీగా వదలకూడదు, ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాయాలి. నోటీసిచ్చాక కూడా నింపకపోతే పరిశీలనలో తిరస్కరిస్తారు. ఎస్సీ, ఎస్టీ రిజర్వుడు సీటుకు కుల ధ్రువీకరణ పుట్టింటిదే చెల్లుతుంది, అత్తింటిది కాదు.

స్వతంత్రులకు ఆ నియోజకవర్గ ఓటర్లు పదిమంది ప్రతిపాదకులు కావాలి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు చాలు, అయితే ‘ఈమే మా అభ్యర్థి’ అని పార్టీ ఇచ్చే బి-ఫారం నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా రిటర్నింగ్ అధికారికి అందాలి. సంతకం సిరాతోనే ఉండాలి, జిరాక్స్ పనికిరాదు. మా లెక్కలో అసలు రిజర్వేషన్ ఆ ఫారం పంచే చేతుల్లోనే ఉంది.