పేపరు ముక్క బొమ్మలోకి ఎలా వచ్చింది

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో నా పుస్తకంలో పికాసో అనే చిత్రకారుడి బొమ్మ చూసి చిన్నోడు, "ఇదేం బొమ్మ తాతయ్యా, పేపరు ముక్క అంటించేశాడుగా!" అన్నాడు. బస్సుకు టైమైపోతోందన్న హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. అది చాలా మంచి ప్రశ్న. జవాబు మాత్రం రంగుల ట్యూబు దగ్గర మొదలుపెట్టాలి.

మీరు మూత తిప్పి పిండుకునే ట్యూబు ఒకప్పుడు లేదు. నూనెలో నూరిన రంగును పంది మూత్రాశయంతో చేసిన చిన్న తిత్తిలో నింపి, మూతిని దారంతో కట్టేవారు. కావలసినప్పుడు మేకుతో కన్నం పొడిచి పిండుకోవడం, మళ్లీ ఆ కన్నం మూసేయడం. అయినా రంగు ఎండిపోయేది, ఒక్కోసారి తిత్తే పగిలేది. అందుకే బయటికెళ్లి స్కెచ్చులు వేసుకున్నా, పెద్ద బొమ్మలు ఎక్కువగా గదిలోనే పూర్తిచేసేవారు. 1841లో జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు తగరపు ట్యూబుకు పేటెంటు తీసుకున్నాడు. రంగులు సంచిలో వేసుకుని ఎక్కడికైనా వెళ్లే వీలు అప్పుడు కలిగింది. వెళ్లడానికి రైళ్లు కూడా వచ్చాయి.

1870 వేసవిలో క్లాడ్ మొనే అనే చిత్రకారుడు ఫ్రాన్స్‌లోని ట్రూవిల్ బీచ్‌లో కూర్చుని, గొడుగుల కింద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లను చిత్రించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అందులో రంగుకు అతుక్కుపోయిన ఇసుక రేణువులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ బీచ్ ఇసుకే! ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఏడేళ్ల తర్వాత ఆయన రైల్వే స్టేషన్‌నే బొమ్మకు ఎంచుకున్నాడు. 1877లో పారిస్‌లోని సాన్ లజార్ స్టేషన్‌ను 12 సార్లు చిత్రించాడు. గాజు కప్పు కింద ఇంజను వదిలే ఆవిరిలోకి ఎండ దిగి, నీలంగా, ఊదాగా కమ్ముకున్న పొగ. దేవుళ్లు, రాజులు, యుద్ధాలే గొప్ప బొమ్మలకు తగినవని పెద్దలు అనుకునే రోజుల్లో అది ఎంత తెగువో ఆలోచించండి.

ఊరు కూడా మారిపోయింది. 1853 నుంచి ఓస్మాన్ అనే అధికారి పాత పారిస్‌ను పడగొట్టించి వెడల్పాటి రోడ్లు వేయించాడు. ఎందరో పేదవాళ్లు ఊరి అంచులకు వెళ్లిపోవలసి వచ్చింది, అది మరచిపోకూడదు. ఆ కొత్త రోడ్డు మీద వాన పడుతున్న రోజును కాయ్‌బోట్ అనే చిత్రకారుడు 1877లోనే గీశాడు. కుడి పక్కన గొడుగు పట్టుకున్న ఒక మనిషి సగానికి కోసేసినట్టు అంచు దగ్గర ఆగిపోయి ఉంటాడు. ఫొటోలో అనుకోకుండా ఎవరో సగం పడినట్టు. కెమెరా వచ్చి అప్పటికి నలభై ఏళ్లు కావస్తోంది, జనం చూసే తీరే మారిపోయింది.

మొనే, ఆయన తోటి చిత్రకారుల మొదటి ప్రదర్శన జరిగింది కూడా, 1874లో, ఒకప్పుడు నాదార్ అనే ఫొటోగ్రాఫర్ నడిపిన స్టూడియోలోనే. ఒక హాస్య పత్రిక విమర్శకుడు వాళ్లను వెక్కిరిస్తూ 'ఇంప్రెషనిస్టులు', అంటే చూడగానే మనసులో పడిన ముద్రను మాత్రమే గీసేవాళ్లు, అన్నాడు. పేపరు పెట్టిన ఆ పేరే నిలిచిపోయింది.

తర్వాత గోడలన్నీ రంగుల పోస్టర్లతో నిండాయి. లాట్రెక్ అనే చిత్రకారుడు 1891లో మూలాన్ రూజ్ అనే డాన్సు హాలుకు వేసిన పోస్టరు రాతి అచ్చు పని, అంటే రాతి పలక మీద గీసి కాగితం మీద అచ్చు తీయడం. మన ఇళ్లలో అమ్మమ్మలు పూజించిన రవివర్మ లక్ష్మి, సరస్వతి పటాలు కూడా రాతి అచ్చులో వచ్చినవే. ఆయన ప్రెస్సు 1894లో బొంబాయిలో మొదలైంది.

ఇక చిన్నోడి ప్రశ్న. 1912 నాటికి పారిస్‌లో వార్తల పేపరు చాలా చవక, కాఫీ హోటల్లో ప్రతి బల్ల మీదా ఉండేది. బల్ల మీది గ్లాసును గీసే చిత్రకారుడు దాని పక్కనున్న పేపరును ఎందుకు వదిలేయాలి? పికాసో గీయకుండా అసలు ముక్కనే కత్తిరించి అంటించాడు. నువ్వు చూసిన బొమ్మలో గోడకు అంటించే పూల కాగితం, గిటారు ఆకారం, పాట స్వరాలు అచ్చేసిన కాగితం ముక్క, బొగ్గుతో గీసిన గ్లాసు, కింద 'లె జుర్నాల్' పేపరు ముక్క ఉన్నాయి. దాని మీద ఫ్రెంచిలో "యుద్ధం మొదలైంది" అన్న అర్థం వచ్చే హెడ్డింగు. అప్పుడు ఐరోపా ఆగ్నేయ మూలనున్న బాల్కన్ దేశాల్లో యుద్ధం జరుగుతోంది. గిటారు, పాట, గ్లాసు ఉన్న బల్ల మీదకి ఆ వార్త అలా వచ్చి పడింది.

చెక్క గుజ్జు కాగితం కదా, ఆ ముక్క పసుపుపచ్చగా మారిపోయింది. అక్షరాలు మాత్రం ఇంకా చదవొచ్చు. ఈసారి వచ్చినప్పుడు భూతద్దం పెట్టి చూద్దాం, చిన్నోడా.

మీ తాతయ్య