వస్తువుతో పాటు చీటీ

చిరంజీవులైన పిల్లలందరికీ మీ ప్రెస్సు తాతయ్య ఆశీస్సులు.

పోయిన ఆదివారం వసారాలో కూర్చుని మీరొక ప్రశ్న వేశారు. "తాతయ్యా, మ్యూజియం అంటే బందరు రోడ్డులో ఉన్నది కదా, మన రెండు గదుల్ని కూడా మ్యూజియం అనొచ్చా?" అని. అప్పుడు జవాబు సరిగ్గా చెప్పలేకపోయాను. నవంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ ఏమేం జరుగుతాయో, మీరేం చేయాలో రాసివ్వమని మీ అమ్మలు కూడా అడిగారు. రెండింటికీ కలిపి ఈ ఉత్తరం.

బందరు రోడ్డులోది పెద్దది, పాతది. విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా 1887లో ఆ భవనానికి పునాది వేశారు. మా చిన్నప్పుడు విక్టోరియా మ్యూజియం అనేవాళ్ళం, ఇప్పుడు బాపు మ్యూజియం. అక్కడి శిల్పాలు, నాణేలు, కత్తులు తప్పకుండా చూడండి, ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. మనది వన్‌టౌన్ సందులో ఒక పెంకుటిల్లు. రెండు గదులు, ఒక వసారా. ఇందులో రాజుగారి వస్తువు ఒక్కటీ లేదు. బియ్యం కొలిచే గిద్ద, సోల, తవ్వ, మానిక ఉన్నాయి. కవ్వం ఉంది. ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చడానికి నేను ముప్పై ఏళ్ళు చేత్తో పట్టుకున్న కంపోజింగ్ స్టిక్ ఉంది. అన్నీ మన వీధుల్లోని ఇళ్ళలోంచి వచ్చినవే. మరి దీన్ని మ్యూజియం అని ఎందుకంటున్నామంటే, ఇక్కడ ప్రతి వస్తువుకూ ఒక చీటీ ఉంది. చీటీలు తీసేస్తే ఇది పాత సామాన్ల కొట్టు.

లోపలి గదిలో కిటికీ పక్క అరలో రెండు ఇత్తడి చెంబులున్నాయి, చూశారా? రెండూ ఒకే సైజు. ఒకదానికి పొట్ట దగ్గర సొట్ట ఉంది. దాని మెడ కింద వేలు పెట్టి తడిమితే గరుకుగా తగులుతుంది. అవి చుక్కలు. వెనకటికి గిన్నెల మీద పేర్లు కొట్టించేవాళ్ళు. బజారులో ఆ పని చేసేవాడు చిన్న ఉలి, సుత్తి పెట్టుకుని కూర్చుని, టకటకా చుక్కలు కొడుతూ అక్షరాలు దించేవాడు. ఆ చెంబు మీద ఒకావిడ తల్లి పేరు ఉంది. వాళ్ళది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయి, వేలమంది చచ్చిపోయారు. ఆవిడకు అప్పుడు పద్నాలుగేళ్ళు. రాత్రంతా చెట్టు పట్టుకుని బతికింది. నీళ్ళు తీశాక బురదలో ఈ చెంబు దొరికితే, చుక్కలు తడిమి, ఇది మా అమ్మది అని పోల్చుకుందట. ఇల్లు మొత్తం మీద మిగిలింది అదొక్కటే. నలభై ఏళ్ళు దాచుకుని, మాకు ఇస్తూ ఇదంతా చెప్పింది. చీటీలో ఆవిడ మాటలే ఉన్నాయి.

పక్కనున్న రెండో చెంబు ఇంకా అందంగా ఉంటుంది, సొట్ట కూడా లేదు. కానీ దాని చీటీలో "ఇత్తడి చెంబు" అని తప్ప ఏమీ లేదు. ఆ తప్పు నాదే. దాన్ని తెచ్చిన పెద్దాయన ఎండలో నడిచి వచ్చాడు. ఆ రోజు నేను వేరే పనిలో ఉన్నాను. "పెట్టి వెళ్ళండి బాబాయ్, మళ్ళీ వారం కూర్చుని రాసుకుందాం" అన్నాను. మళ్ళీ వారం ఆయన లేడు. ఆ చెంబు తుడిచినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

అందుకే ఈ సీజన్‌ను నవంబరు 19న మొదలుపెడుతున్నాం. దేశమంతటా ఆ రోజు నుంచి 25 దాకా ప్రపంచ వారసత్వ వారం జరుపుతారు. మనకు అది ఉప్పెన వచ్చిన రోజు కూడా. ఆ సాయంత్రం దివిసీమ వైపు నుంచి వచ్చి మన పేటల్లో స్థిరపడిన వాళ్ళు నలుగురు మాట్లాడతారు. మీరు ముందు వరసలో కూర్చోండి. మధ్యలో ప్రశ్నలు అడగొద్దు. వాళ్ళు ఏడిస్తే ఏడవనివ్వండి.

ఆ వారంలోనే ఇంటి వస్తువుల రోజు పెడతాం. మీ ఇంట్లోంచి ఒక పాత వస్తువు తెండి. ఇవ్వక్కర్లేదు, చూపించి తీసుకెళ్ళిపోవచ్చు. తెచ్చేముందు నాయనమ్మనో, అమ్మమ్మనో అడిగి చీటీ రాయాలి. దాన్ని మీ ఇంట్లో ఏమని పిలిచేవారో ఆ పేరే రాయండి, పుస్తకంలో పేరు వద్దు. ఎవరిది, ఏ ఊళ్ళో ఉండేది, దేనికి వాడేవారు, ఈ సంగతి మీకు ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు. చివరి రెండూ పిల్లలు ఎప్పుడూ మర్చిపోతారు. చెప్పినవాళ్ళ పేరు లేకపోతే రేపు అనుమానం వస్తే ఎవరినడుగుతాం?

చీటీ పెన్సిల్‌తోనే రాయాలి. ఎందుకో వరదలప్పుడు కళ్ళారా చూశాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగాయి కదా. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. బియ్యం పోయింది, ఫ్రిజ్‌లు పోయాయి, అవి మళ్ళీ కొనుక్కోవచ్చు. జనం మా దగ్గరకు తెచ్చినవి తడిసిన పెళ్ళి ఆల్బమ్‌లు. జెల్ పెన్నుతో వెనకాల రాసిన పేర్లన్నీ నీలి మరకలైపోయాయి. పెన్సిల్‌తో రాసినవి మాత్రం నీళ్ళలో మూడు రోజులు నానినా చదవడానికి వచ్చాయి. పెన్సిల్ గీత సిరా లాంటిది కాదు, అది గ్రాఫైట్ పొడి. కాగితం పోగుల్లో ఇరుక్కుంటుంది, నీళ్ళకు కరగదు.

ఆ ఫోటోల పని ఈ ఏడాది కూడా డిసెంబరులో ఉంటుంది, ఎందుకంటే అప్పుడు ఆరబెట్టకుండా అలాగే మూటగట్టి పెట్టుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. పని ఎలా చేయాలో ముందే తెలుసుకోండి. ఒకదానికొకటి అతుక్కుపోయిన ఫోటోల్ని పొడిగా ఉండగా లాగకూడదు. లాగితే పెళ్ళికూతురి ముఖం రెండో ఫోటో వీపుకు అంటుకుని వస్తుంది. వెడల్పు పళ్ళెంలో శుభ్రమైన చల్లటి నీళ్ళు పోసి అందులో వదిలేయాలి. కాసేపటికి అంచులు వాటంతటవే విడుస్తాయి. అప్పుడు అంచు పట్టుకునే తీయాలి, బొమ్మ మీద వేలు పడకూడదు, తడిలో ఆ పొర పెరుగు మీగడలా జారిపోతుంది. బొమ్మ పైకి ఉండేలా నీడలో పరచాలి. ఎండలో పెడితే చుట్టలు చుట్టుకుంటుంది. ఫ్రేములో అద్దానికి అంటుకుపోయినదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అద్దంతో సహా దానికి కెమెరాతో మరో ఫోటో తీసుకుంటాం. అందరికీ అన్నీ దక్కవు. ఒకావిడ ఆల్బమ్ మొత్తంలో దక్కింది రెండే. ఆ రెండూ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. వెనక పేర్లు రాద్దామని నేను పెన్సిల్ తీస్తే, ఒక్కొక్కరినీ చూపిస్తూ ఆవిడే చెప్పింది, ఎవరు ఎవరికి ఏమవుతారో.

జనవరిలో సంక్రాంతికి వసారాలో బొమ్మల కొలువు పెడతాం. కొండపల్లి నుంచి కళాకారులొచ్చి కూర్చుంటారు. తెల్ల పొణికి కర్రను చేతిలోకి తీసుకుని చూడండి, ఇంత పెద్ద ముక్క ఇంత తేలికా అనిపిస్తుంది. ఏనుగుకు తొండం, అంబారీ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. దాన్ని మక్కు అంటారు. మీ చేత కూడా కలిపిస్తారు.

ఆ నెలలోనే ఒక రోజు నాది. గవర్నరుపేటలో నేను పనిచేసిన ప్రెస్సులో టైపు కేసు, అంటే అచ్చు అక్షరాలు పెట్టే గళ్ళ పెట్టె, ఎంత ఉండేదో మీకు చూపించాలి. ఇంగ్లీషుకు అక్షరాలు తక్కువ. తెలుగుకు అక్షరాలు, గుణింతాలు, వత్తులు అన్నిటికీ వేరువేరు గళ్ళు కావాలి. ఒక్కో అక్షరం సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి పోత పోసినది, అద్దంలో చూసినట్టు ఎదురు తిరిగి ఉంటుంది. చూడకుండానే చెయ్యి గడిలోకి వెళ్ళాలి. కంప్యూటర్లు వచ్చాక ఆ టైపునంతా కిలోల లెక్కన అమ్మేశారు. నా దగ్గర రెండు కేసులు మిగిలాయి. మీ పేరు మీరే స్టిక్‌లో పేర్చి, సిరా రుద్ది, కాగితం మీద అచ్చు వేసుకుని ఇంటికి తీసుకెళ్ళొచ్చు. వత్తు ఉన్న పేర్లవాళ్ళకు కొంచెం ఎక్కువ టైమ్ పడుతుంది, కంగారు పడొద్దు.

ఫిబ్రవరిలో అమరావతికి బస్సు వేస్తాం. అక్కడి బౌద్ధుల మహాస్తూపం గురించి బస్సులో కూడా చెబుతాను గానీ, ఒక సంగతి ఇప్పుడే చెప్పాలి. 1797లో మెకంజీ అనే సర్వే అధికారి అక్కడికి వచ్చాడు. అప్పటికే జమీందారు గారి కొత్త కట్టడాలకని ఆ స్తూపం దిబ్బలోంచి ఇటుకలు, చెక్కిన రాళ్ళు తవ్వుకుపోతున్నారు. ఆయన 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు కోసం గొయ్యి తవ్వేశారు. అప్పుడాయన తన మనుషుల చేత మిగిలిన రాళ్ళ బొమ్మలు గీయించాడు, ఏ రాయి ఎక్కడ ఉందో పటం వేయించాడు. ఆ తర్వాత రాళ్ళు తలో దిక్కుకూ పోయాయి. కొన్ని లండన్‌లో ఉన్నాయి, కొన్ని చెన్నై ఎగ్మూరులో, కొన్ని అమరావతిలోనే. కొన్ని సున్నం బట్టీల్లో కాలిపోయాయి. ఈరోజు ఒక రాయిని చూసి ఇది ప్రాకారంలో ఫలానా వైపుది అని పండితులు చెప్పగలుగుతున్నారంటే, ఆ కాగితాల సాయం చాలా ఉంది. రెండువేల ఏళ్ళ రాయికి కూడా చీటీ కావలసి వచ్చింది, చూశారా.

మెకంజీ పేరు అందరూ చెబుతారు. ఆయన వెంట ఉన్న మనవాళ్ళ పేర్లు మీరు నేర్చుకోవాలి. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ముగ్గురూ అన్నదమ్ములు, ఏలూరు వాళ్ళు. ఊరూరా తిరిగి, కరణాల దగ్గరున్న కవిలెలు, అంటే ఊరి పాత లెక్కల కట్టలు చూసి, పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడిగి, ఊళ్ళ చరిత్రలు రాయించుకొచ్చారు. వాటినే కైఫీయతులు అంటారు. చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు, ఊరికి ఆ పేరెలా వచ్చింది, అన్నీ అందులో ఉంటాయి. బొర్రయ్య 1803లో, ముప్పై ఏళ్ళయినా నిండకుండానే పోయాడు. అప్పటికే ఎన్ని ఊళ్ళు తిరిగాడో! మీరు మీ నాయనమ్మను అడిగి రాసే చీటీ కూడా ఆ వరసలోదే అని నేను నమ్ముతాను.

కొలతల రోజు ఫిబ్రవరి చివరి ఆదివారం. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. బియ్యం మీరే పోసి చూడండి. ఆ బియ్యంతోనే మధ్యాహ్నం పులిహోర.

మార్చి 31న ముగింపు. 1921లో ఆ రోజున మన బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం మొదలైంది. అప్పుడే పింగళి వెంకయ్య గారు తాను గీసిన జెండాను గాంధీగారికి చూపించారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం. తెలుపు తర్వాత చేరింది. ఈ జెండాను మీరే గుడ్డతో కుట్టాలి, ప్లాస్టిక్ వద్దు. సూది పని రానివాళ్ళకు ఎదురింటి పిన్నిగారు నేర్పుతానన్నారు.

ఇక మీకు నేను పెట్టే పని ఒకటి ఉంది. రెండో చెంబు అడుగున, బూడిదతో తోమితే, రెండక్షరాలు బయటపడ్డాయి. "వ. సు." అని. చుక్కల్లోనే ఉన్నాయి. దాన్ని తెచ్చిన పెద్దాయన నెహ్రూబొమ్మ సెంటర్ వైపు నుంచి నడిచి వచ్చాడని మాత్రం నాకు గుర్తుంది. తెల్ల పంచె, చేతిలో గొడుగు, ఎడమకాలు కొంచెం ఈడ్చేవాడు. మీరు నలుగురు సాయంత్రాలు ఆ వీధుల్లోకి వెళ్ళి, అరుగుల మీద కూర్చునే పెద్దవాళ్ళకు నమస్కారం పెట్టి అడగండి. ఆయన ఇంటివాళ్ళు దొరికితే నన్ను పిలవండి, నేనూ వస్తాను. చెంబు గుడ్డలో చుట్టి పట్టుకొస్తాను. చీటీ మాత్రం మీరే రాయాలి.

మీ
ప్రెస్సు తాతయ్య
వన్‌టౌన్, విజయవాడ