ఒర్రె ఎండిపోతే ఖాళీ జాగా అయిపోదు

మా చిన్నాన్న నల్గొండ శివార్లలో ప్లాటు కొన్నది ఏప్రిల్‌లో. నేలంతా చదును చేసి ఎర్ర మొరం పరిచారు. హద్దురాళ్లకు సున్నం కూడా వేశారు. పక్కనే మేకలు మేపుతున్న ఒక ముసలాయన మాత్రం "ఇది ఒర్రె బిడ్డా, గుట్ట నీళ్లన్నీ ఇట్లనే కుంటకు పోతయి" అన్నాడు. ఒర్రె అంటే వాన పడ్డప్పుడే పారే చిన్న వాగు. మేం పట్టించుకోలేదు. సెప్టెంబరులో ఒక రాత్రి దంచిన వానకు నీళ్లు సరిగ్గా ఆయన చెయ్యి చూపించిన దారినే వచ్చాయి. పొద్దున పోయి చూస్తే పునాది గుంతల నిండా ఎర్రనీళ్లు. మొరం కొట్టుకుపోయి అడుగున పాత ఇసుక తేలింది. గుప్పిట్లోకి తీసుకుంటే సన్నగా, కడిగి ఆరబోసినట్టుంది. ఏళ్ల తరబడి నీళ్లు పారితే తప్ప నేల అలాంటి ఇసుకను పోగుచేసుకోదు.

పాలమూరు వైపు ఏడాదికి కురిసేది సుమారు 600 మిల్లీమీటర్లు, నల్గొండ వైపు 750 దాకా. అందులో ఎక్కువ భాగం వానాకాలంలోనే, అదీ కొన్ని గట్టి వానల్లో పడిపోతుంది. అందుకే మన ఒర్రెలు ఏడాదిలో కొద్ది రోజులే పారతాయి. ఏడాది పొడుగునా పారే నదిని ఎవరూ ప్లాటు అనుకోరు. మన ఒర్రె మాత్రం ఎండాకాలంలో చూసినవాళ్లకు ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది.

ఎకరం నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే అది దాదాపు 40 వేల లీటర్ల నీరు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఆ నీళ్లు ఇంకుతాయా, పక్కింటి మీద పడతాయా అన్నది ఆ నేలను బట్టి ఉంటుంది. కావాలంటే చూడండి. పాత డబ్బాకు పైమూతా అడుగూ కోసేసి నేలలోకి నాలుగు వేళ్ల లోతు దించి, చెంబెడు నీళ్లు పొయ్యండి. కానుగ చెట్టు కింద, ఆకులు కుళ్లి వానపాములు తొలిచిన మట్టిలో నీళ్లు చూస్తుండగానే దిగిపోతాయి. రోలర్ తిరిగిన మొరం మీద పోస్తే అలాగే నిలబడి ఉంటాయి.

ఈ ఇంకుడు మన జిల్లాలకు మరీ ముఖ్యం. మన కింద ఉన్నది గ్రానైట్. దాని పైన శిథిలమైన రాతిపొర, అందులోని పగుళ్లు, ఇవే మనకు భూగర్భ జలాన్ని పట్టి ఉంచే కుండ. బోర్లు లోతుకు పోయేకొద్దీ రాతిలోని ఖనిజాలతో చాలాకాలం కలిసి ఉన్న నీళ్లు పైకొస్తాయి, వాటితోపాటు ఫ్లోరైడ్ కూడా. ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని పేరుపడింది. మన ఊరి పేరు ప్రపంచానికి ఇలా తెలియడం నాకు బాధగా ఉంటుంది. పైపొరలోకి కొత్త వాననీరు దిగితే ఆ గాఢత కొంత పలచబడుతుంది. ఒర్రెను పూడ్చిన చోట దిగే దారే ఉండదు.

మన పెద్దలు చెరువులను ఒక్కొక్కటిగా కట్టలేదు. పై చెరువు నిండి అలుగు పోస్తే ఆ నీళ్లు కింది కుంటకు, అక్కడి నుంచి ఇంకో చెరువుకు. గొలుసుకట్టు అంటే అదే. ఆ గొలుసులో కొక్కెం ఒర్రె. అమెరికాలో బోస్టన్ నగరం 1878 నుంచి ఓల్మ్‌స్టెడ్ అనే పార్కుల రూపశిల్పి చేత వరదకూ మురుగుకూ దారి చూపించుకుంటూ, ఏటి వెంబడి పార్కులను కలుపుకుంటూ పోయింది. దాన్ని 'పచ్చల హారం' అంటారు. వాళ్లు కష్టపడి కూర్చుకున్న హారం మనకు ముందే ఉంది, తెంపకుండా ఉంటే చాలు.

2012 భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకైతే నీళ్లు పూర్తిగా నిండే హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కన్నా వెడల్పైన వాగుకు 9 మీటర్లు. అంతకు లోపు వెడల్పున్న ఒర్రెకు రెండే మీటర్లు! రెండు మీటర్లలో ఒక కానుగ కొమ్మలు చాపుకునే చోటు కూడా ఉండదు. నా దృష్టిలో ఇది చాలదు.

అయితే లేఅవుట్‌లో పది శాతం జాగా ఎలాగూ ఖాళీగా వదులుతున్నారు. ఎక్కడ? అమ్ముడుపోని మూలన, చుట్టూ ఫెన్సింగ్ వేసి. అదే పది శాతాన్ని ఒర్రెకు అటూ ఇటూ పెట్టి, పక్క లేఅవుట్ వాళ్లు కూడా అలాగే పెడితే, గుట్ట నుంచి చెరువు దాకా తెగని పచ్చదారి తయారవుతుంది. అందుకని నక్షా గీసేటప్పుడు ముందు ఒర్రెలు, కుంటలు, బంచరాయి (పశువులు మేసే ఊరుమ్మడి నేల) గుర్తించాలి. తర్వాత మేకల దారి, బతుకమ్మ ఆడే చోటు, గుడి, శ్మశానం. రోడ్లు, ప్లాట్లు ఆ మిగిలిన దాంట్లో. కొలతకు పోయేది కూడా వాన వెలిసిన మర్నాడు పోవాలి.

ఆ దారి తెగకుండా ఉండటం ఎంత అవసరమో కప్పను చూస్తే అర్థమవుతుంది. ఎండాకాలమంతా మట్టిలో దాగి, తొలి వానకు బయటికొచ్చి గుడ్లు పెట్టడానికి నీళ్ల వైపు పోతుంది. మధ్యలో ప్రహరీ గోడ అడ్డమొస్తే ఆ ఏటికి దాని సంతానం లేనట్టే. తంగేడు సంగతి వేరే. ఎవరూ నాటక్కర్లేదు, నీళ్లు పొయ్యక్కర్లేదు, పశువులు పెద్దగా ముట్టవు. నేలను దాని మానాన వదిలితే చాలు, పూస్తుంది. మా అమ్మ చిన్నప్పుడు బతుకమ్మకు పూలు ఒర్రె గట్టునే తెంపేదట. ఇప్పుడు తంగేడు, గునుగు కట్టలు గడియారం సెంటర్ దగ్గర కొంటున్నాం.

చిన్నాన్న పునాది ఇరవై అడుగులు వెనక్కి జరిపాడు. ఇల్లు చిన్నదైంది, పిన్నికి ఇంకా కొంచెం కోపంగానే ఉంది. వదిలిన జాగాలో ఈసారి గునుగు మొలిచింది. పై ప్లాటు వాళ్లు ఇంకా గోడ మొదలుపెట్టలేదు. వాళ్లతో మాట్లాడటానికి ఆదివారం పోతున్నాం, మేకల ముసలాయనను కూడా రమ్మన్నాం.