తెల్లదోమ ఒకే జాతి కాదు: 1889 నుంచి తెగని వర్గీకరణ చిక్కు

పత్తి, టమాటా, మిరప, మినుము, బెండ పైర్ల మీద రైతులు చూసే తెల్లదోమను వ్యవసాయ గ్రంథాలు దశాబ్దాలుగా బెమిసియా టబాసి అన్న ఒకే శాస్త్రీయ నామంతో పేర్కొంటున్నాయి. ఆ పేరు కింద ఉన్నది ఒక పురుగు కాదని, కంటికి అచ్చంగా ఒకేలా కనిపించే దాదాపు నలభై జాతుల సముదాయమని ఇప్పుడు చాలామంది కీటక శాస్త్రవేత్తలు అంగీకరిస్తున్నారు. వాటిలో ప్రధానంగా రెండు జాతులే పుట్టిన చోటు వదిలి ఖండాలు దాటి పాకాయి. ఈ సంగతి తేలడానికి వంద ఏళ్లకు పైగా ఎందుకు పట్టిందన్నది పంటల రక్షణతో నేరుగా ముడిపడిన ప్రశ్న అని నా అభిప్రాయం.

గ్రీకు వ్యవసాయ శాస్త్రవేత్త గెనాడియస్ 1889లో తమ దేశపు పొగాకు పైరు మీద ఈ పురుగును గుర్తించి ఆలెరోడెస్ టబాసి అని పేరు పెట్టాడు. 1900లో క్వెయింటన్స్ అమెరికాలో వర్ణించిన ఇంకో పురుగు ఆధారంగా 1914లో బెమిసియా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఏర్పడింది; గెనాడియస్ పురుగు కూడా తర్వాత అందులోకే చేరింది. మన దేశంలో మిశ్రా, లాంబా 1929లో పత్తి మీది తెల్లదోమను బెమిసియా గాసిపిపెర్డా అన్న కొత్త జాతిగా ప్రకటించారు. తర్వాత కొన్నేళ్లకు పంజాబులో హుస్సేన్, త్రెహాన్ ఆ పేరుతోనే దాని జీవిత చరిత్రను విస్తారంగా పరిశీలించారు. ఇలా దేశానికొకటి, పైరుకొకటి చొప్పున పేర్లు పెరిగాయి.

ఇందుకు కారణం ఈ పురుగుల్ని గుర్తించే పద్ధతిలోనే ఉంది. రెక్కలొచ్చిన తెల్లదోమలు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి, ఆకు అడుగున కదలకుండా అతుక్కుని ఉండే చివరి దశ పిల్లపురుగు మీది తొడుగును, దాని మీది రోమాల అమరికను చూసి జాతిని నిర్ణయిస్తారు. ఆ తొడుగు రూపం స్థిరమైనది కాదు. లారెన్స్ మౌండ్ 1963లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఒకే రకం పురుగు నూగున్న ఆకు మీద పెరిగితే వీపున పొడవాటి రోమాలు వస్తాయి, నున్నటి ఆకు మీద పెరిగితే రావు. అంతకు ముందే 1957లో లూయీజ్ రసెల్ అప్పటిదాకా వచ్చిన పదిహేనుకు పైగా పేర్లను పరిశీలించి, అవన్నీ బెమిసియా టబాసికి మారుపేర్లేనని నిర్ధారించారు. మన గాసిపిపెర్డా కూడా అప్పుడే ఆ పేరులో కలిసిపోయింది.

రూపాన్ని బట్టి చూస్తే రసెల్ చేసినది సబబే. రూపంలో తేడా లేనంత మాత్రాన జాతి ఒకటేనని తర్వాతి వాళ్లు ధీమాగా అనుకోవడం దగ్గరే దారి తప్పింది. 1950లలోనే ప్యూర్టో రికోలో జూలియో బర్డ్ గమనించిన ఒక రకం తెల్లదోమ జట్రోఫా మొక్కను పట్టుకునే ఉండేది. సైడా కలుపు మొక్కల మీద బతికే రకం ఎన్నో పైర్లకు పాకేది. రెండింటి తొడుగులూ ఒకటే. ఆయన వాటిని తెగలు అన్నాడు, జాతులు అనలేదు.

1986 ప్రాంతంలో అమెరికాలోని ఫ్లోరిడాలో పాయిన్‌సెట్టియా అలంకార మొక్కల మీద తెల్లదోమ విపరీతంగా పెరిగినప్పుడు ఈ తేడాను పక్కన పెట్టే వీలు లేకపోయింది. కొత్తగా వచ్చిన రకం సోకిన గుమ్మడి కుటుంబపు మొక్కల ఆకులు వెండిలా తెల్లబారేవి, టమాటా కాయలు సమంగా పండేవి కావు. పాత రకం వల్ల ఈ లక్షణాలు ఏనాడూ కనిపించలేదు. పురుగు ఒంట్లోని ఎస్టరేజ్ అనే ఎంజైముల తీరును బట్టి పాత దానిని ఎ అని, కొత్త దానిని బి అని విడదీశారు. పెర్రింగ్ బృందం 1993లో ఇవి వేర్వేరు జాతులని సైన్స్ పత్రికలో వాదించింది. ఇతర శాస్త్రవేత్తలు ఆ ఆధారాలు చాలవని ఆక్షేపించారు. మరుసటి ఏడాది బెలోస్, పెర్రింగ్, సహచరులు బి రకానికి బెమిసియా అర్జెంటిఫోలి అన్న నామకరణం చేశారు. చాలాకాలం పాటు కొందరు ఆ పేరు వాడారు, మరికొందరు ఒప్పుకోలేదు. ఒకే పురుగు మీది పరిశోధనలు రెండు పేర్లతో వెలువడ్డాయి.

తగవు కొంత సద్దుమణిగింది కణానికి శక్తినిచ్చే భాగమైన మైటోకాండ్రియాలోని ఒక జన్యువు వల్ల. సైటోక్రోమ్ ఆక్సిడేజ్-1 జన్యు క్రమంలో 3.5 శాతానికి మించి తేడా ఉంటే వేరే జాతిగా పరిగణించవచ్చని 2010లో డిన్స్‌డేల్ బృందం ప్రతిపాదించింది; ఆ కొలతతో 2011లో డి బారో, సహచరులు కనీసం 24 జాతులున్నాయని ప్రకటించారు. పాత బి రకానికి మధ్యప్రాచ్యం-ఆసియా మైనర్ 1 అని, అంతే ప్రమాదకరమైన క్యూ రకానికి మధ్యధరా జాతి అని ప్రాంతాల పేర్లు స్థిరపడ్డాయి. ఇది కేవలం అంకెల లెక్క కాదు. చైనాలో, ఆస్ట్రేలియాలో పరిశోధించిన లియూ బృందం 2007లో చూపించినట్టు, స్థానిక తెల్లదోమల మధ్యకు బి రకం వచ్చినప్పుడు దాని ఆడ పురుగులు మరింతగా జతకట్టి ఆడ సంతానాన్ని పెంచుకుంటాయి. దాని మగ పురుగులేమో స్థానిక ఆడ పురుగుల వెంటపడి వాటి జతకట్టడానికి అడ్డం వస్తాయి. తెల్లదోమల్లో ఫలదీకరణం జరగని గుడ్ల నుంచి మగవే పుడతాయి కనుక స్థానిక జాతిలో ఆడవి తగ్గిపోయి, కొన్ని తరాల్లోనే ఆ చోటు కొత్త దాని వశమవుతుంది.

ఇన్ని జాతుల్లో గెనాడియస్ చూసినది ఏది అన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. 2012లో టే బృందం 1889 నాటి అసలు నమూనా నుంచే డీఎన్ఏ తీసి చదివింది. అది మధ్యధరా జాతి. అంటే నామకరణ నియమాల ప్రకారం బెమిసియా టబాసి అన్న పేరు దక్కాల్సింది దానికొక్కదానికే. మన పొలాల్లో తరతరాలుగా ఉన్న ఆసియా 1, ఆసియా 2 వర్గాల తెల్లదోమలు ఆ పేరుకు హక్కుదారులు కావు.

దక్షిణ భారతంలో బి రకం 1999లో కర్ణాటకలోని కోలారు జిల్లాలో, తెల్లదోమ మోసుకొచ్చే టమాటా ఆకుముడత వైరస్ ఉధృతంగా ఉన్న తోటల్లో బయటపడింది. ఆ జిల్లాకు ఆనుకునే మన మదనపల్లె టమాటా ప్రాంతం ఉంది. అంతకు ముందు 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ దెబ్బతీసినప్పుడు, కొత్తగా వాడుకలోకి వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందుల్ని విచ్చలవిడిగా చల్లడం దాని పెరుగుదలకు తోడ్పడింది. ఆ నాటి నివేదికల్లో పురుగు పేరు బెమిసియా టబాసి అనే ఉంటుంది. అది ఏ జాతో ఆ పేరును బట్టి చెప్పలేము. మందుల్ని తట్టుకోవడంలో జాతికీ జాతికీ తేడా ఉంటుంది గనుక ఇది చిన్న లోటు కాదు. చైనాలో 2003 తర్వాత మధ్యధరా జాతి ప్రవేశించి, నియోనికోటినాయిడ్ మందుల్ని ఎక్కువగా తట్టుకోగలగడం వల్ల చాలా ప్రాంతాల్లో అంతకు ముందు వచ్చిన బి రకాన్నే తరిమేసింది. తెల్లదోమ ముందే ఉన్న దేశంలోకి ఇంకో తెల్లదోమ వస్తే, పేరు ఒకటే అయినప్పుడు సరిహద్దు తనిఖీలో దానిని ఆపడానికి ఆధారం దొరకదు.

3.5 శాతం హద్దు సరైనదేనా అన్న చర్చ ఇంకా సాగుతోంది. ఒకే జన్యువు మీద ఆధారపడకుండా మొత్తం జన్యుపటాలను, జతకట్టే పరీక్షలను కలిపి చూడాలన్న వాదన బలపడింది. చాలా జాతులకు ప్రాంతాల పేర్లే తప్ప లాటిన్ పేర్లు లేవు. ముందు పెట్టిన పేరుకే ప్రాధాన్యమన్న నియమం ఉన్నందున, 1957లో రద్దయిన పేర్లను పక్కన పెట్టి కొత్తవి పెట్టడం కుదరదు. గాసిపిపెర్డాతో సహా ప్రతి పాత పేరు వెనుక ఉన్న నమూనాను వెతికి పట్టి, గెనాడియస్ నమూనా నుంచి తీసినట్టే డీఎన్ఏ తీసి, అది ఏ జాతిదో ముందుగా తేల్చాలి.